పాత పుస్తకాలు అమ్ముతూ చదువుకోవచ్చు

పోటీ పరీక్ష ముగిసిన వారంలో హైదరాబాద్ అశోక్‌నగర్ వీధుల్లో తిరిగితే ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. గది ఖాళీ చేసి ఊరికి బయల్దేరిన అభ్యర్థులు కట్టలకొద్దీ పుస్తకాలను పాత పేపర్ల కొట్టులో తూకానికి వేసి వెళ్తుంటారు. సరిగ్గా అప్పుడే శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో కొత్తగా చదువు మొదలుపెట్టిన ఇంకో అభ్యర్థి, అవే పుస్తకాలు కొత్తవి కొనే స్తోమత లేక ఏది ముందు కొనాలో, ఏది వాయిదా వేయాలో లెక్కలు వేసుకుంటుంటాడు. ఈ ఇద్దరినీ కలపగలిగిన వారికి అందులో ఒక చిన్న ఆదాయం ఉంది. డిగ్రీ, పీజీ చదువుతున్నవారు, ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నవారు వారానికి ఏడెనిమిది గంటలు కేటాయిస్తే చేయగలిగిన పని ఇది.

సెకండ్‌హ్యాండ్ సరుకును ఆన్‌లైన్‌లో అమ్మడం అనగానే చాలామంది ముందు ఫోన్లు, బట్టలు, బూట్ల గురించి ఆలోచిస్తారు. విద్యార్థి మొదలుపెట్టడానికి వాటికన్నా పుస్తకాలు మేలు. ఏది అమ్మినా మూలసూత్రం మాత్రం ఒకటే: లాభం అమ్మేటప్పుడు చేతికొస్తుంది, కానీ అది ఖాయమయ్యేది కొనేటప్పుడే. కాబట్టి ఈ పనిలో ముందుగా నేర్వాల్సింది సరుకును చూడటం.

పుస్తకాలతోనే ఎందుకు?

బట్టలైతే కొలతల పేచీ వస్తుంది. ఫోన్లయితే లోపల ఏ భాగం మార్చారో తెలియదు, దొంగసొత్తు అయ్యే ప్రమాదమూ ఉంది. పుస్తకం విషయంలో దాచడానికి పెద్దగా ఏమీ ఉండదు. వెల అట్ట మీదే ఉంటుంది. పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్ ఉంటే అది ఏ ప్రచురణకర్తది, ఏ ముద్రణ అన్నది ఇట్టే తెలుస్తుంది. పార్శిల్‌లో పగలదు. పాతికో ముప్ఫయ్యో పుస్తకాలు మంచం కింద అట్టపెట్టెలో ఇమిడిపోతాయి.

చట్టపరంగానూ ఇబ్బంది లేదు. ప్రచురణకర్త ఒకసారి అమ్మిన అసలు ప్రతిని కొన్నవారు తిరిగి అమ్ముకోవడానికి కాపీరైట్ చట్టం అడ్డు చెప్పదు. ముద్రిత పుస్తకాలకు జీఎస్టీ మినహాయింపు ఉంది. అన్నిటినీ మించి, విద్యార్థికి ఇది తెలిసిన సరుకు. ఏ సబ్జెక్టుకు ఏ పుస్తకం చదువుతారో, ఏ రచయితను సీనియర్లు చదవమంటారో మీకు ముందే తెలుసు. బయటి వ్యాపారికి ఆ పరిజ్ఞానం రావాలంటే ఏళ్లు పడుతుంది.

ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి?

పాత పుస్తకాలను మూడు రకాలుగా విడదీసుకుంటే నిర్ణయం తేలికవుతుంది.

మొదటిది, కాలం చెల్లేవి. పోటీ పరీక్షల గైడ్లు, కరెంట్ అఫైర్స్, బిట్ బ్యాంకులు, చట్టాల పుస్తకాలు ఈ కోవలోకి వస్తాయి. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి రావడంతో, ఐపీసీ ఆధారంగా రాసిన పాఠ్యపుస్తకాలు ఎన్నో ఒక్కసారిగా గిరాకీ కోల్పోయాయి. 2023 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ కొన్ని తరగతులకు కొత్త పుస్తకాలు తెస్తూ వస్తోంది. నీట్, జేఈఈ సిలబస్‌లను 2024 పరీక్షలకు కుదించారు. ఈ రకం పుస్తకం చేతికి రాగానే ముందు ముద్రణ సంవత్సరం, తర్వాత ప్రస్తుత సిలబస్ చూడాలి. సందేహం ఉంటే ఎంత చవకగా వచ్చినా వదిలేయాలి.

రెండోది, నిలకడగా అమ్ముడయ్యేవి. హెచ్.సి.వర్మ ఫిజిక్స్, వ్యాకరణ గ్రంథాలు, నిఘంటువులు, తెలుగు అకాడమీ ప్రచురించిన చరిత్ర, ఆర్థికశాస్త్ర పుస్తకాలు, ఇంజినీరింగ్‌లో ప్రామాణిక పాఠ్యగ్రంథాలు ఇలాంటివి. పాఠం మారనంత కాలం వీటికి కొనేవారు ఉంటారు. కొత్తగా మొదలుపెట్టేవారి పెట్టుబడిలో ఎక్కువ భాగం వీటి మీదే ఉండాలి.

మూడోది, సేకరణకర్తలు వెతికేవి. 1947 జులైలో మొదలైన చందమామ పాత సంచికలు, 1924 నుంచి 1991 వరకు వెలువడిన భారతి సంచికలు, మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో తెచ్చిన పుస్తకాలు, ఎమెస్కో పాకెట్ నవలలు ఈ వరుసలోవి. సోవియట్ యూనియన్ 1991లో కూలిపోయాక మాస్కో తెలుగు పుస్తకాల రాక ఆగిపోయింది. ఉన్న ప్రతులే చేతులు మారుతున్నాయి. బాల్యంలో చదివిన పుస్తకం కోసం విదేశాల్లోని తెలుగువారూ అడుగుతుంటారు. అయితే పాతదైనంత మాత్రాన ప్రతి పుస్తకానికీ వెల ఉండదు. సోవియట్ పిల్లల పుస్తకాలు కొన్నింటిని మంచి పుస్తకం వంటి సంస్థలు మళ్లీ అచ్చువేశాయి. పునర్ముద్రణ దొరుకుతుంటే, కేవలం చదువుకోవాలనుకునేవారు పాత ప్రతికి ఎక్కువ ఇవ్వరు. ఈ రకాన్ని బాగా చదివి, గమనించి, అనుభవం వచ్చాకే ముట్టుకోవాలి.

తాళపత్రాలు, చేతిరాత ప్రతులు ఎదురైతే మాత్రం బేరం జోలికి పోవద్దు. 75 ఏళ్లు దాటిన, చారిత్రక లేదా సాహిత్య విలువ ఉన్న రాతప్రతులు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయకూడదు. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. అలాంటివి కనిపిస్తే దగ్గర్లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో ప్రాచ్య లిఖిత భాండాగారానికో తెలియజేయడం మన బాధ్యత.

సరుకు దొరికే చోట్లు

హైదరాబాద్‌లో కోఠి పాత పుస్తకాల దుకాణాలు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌లు, విజయవాడలో లెనిన్ సెంటర్ అందరికీ తెలిసినవే. అయితే అక్కడి వ్యాపారులకు ప్రతి పుస్తకం వెలా తెలుసు కాబట్టి మిగులు తక్కువ. అక్కడికి నేర్చుకోవడానికి వెళ్లండి. ఏది ఎక్కువసార్లు అడుగుతున్నారో, ఏది ఎంతకు పోతోందో గమనించండి. తిరిగి అమ్మడానికి సరుకు చవకగా దొరికేది హాస్టళ్లు ఖాళీ అయ్యే సమయంలో, ఫైనలియర్ పరీక్షలయ్యాక, పాత పేపర్ల కొట్లలో, ఇల్లు మారేవారి దగ్గర. సీనియర్ల నుంచి కొనేటప్పుడు న్యాయమైన వెల ఇవ్వండి. తూకానికి వచ్చేదానికన్నా ఎక్కువ ఇస్తే, మరుసటి ఏడాది జూనియర్లను వాళ్లే మీ దగ్గరికి పంపుతారు.

రెండు రకాల ప్రతులకు దూరంగా ఉండాలి. ఒకటి పైరసీ ప్రతులు. పల్చటి కాగితం, అలుక్కుపోయిన అక్షరాలు, వంకరగా కోసిన అంచులు, రంగు వెలిసిన అట్ట, తెరవగానే ఊడొచ్చే బైండింగ్ వాటి గుర్తులు. తెలిసి అమ్మితే కాపీరైట్ చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. రెండోది, అధ్యాపకులకు ఉచితంగా ఇచ్చే నమూనా ప్రతులు. ‘అమ్మకానికి కాదు’ అని అచ్చువేసిన పుస్తకాన్ని అమ్మకానికి పెడితే మీ పేరే పోతుంది. గ్రంథాలయ ముద్ర ఉన్న పుస్తకం వస్తే, దాన్ని లెక్కల్లోంచి తొలగించినట్టు ముద్ర కూడా ఉందో లేదో చూడండి. లేకపోతే కొనవద్దు.

లెక్క ఇలా వేయాలి

ఉదాహరణకు అట్ట మీద రూ.695 ఉన్న పుస్తకాన్ని రూ.150కి కొన్నారనుకుందాం. పంపే ఖర్చుతో కలిపి రూ.350కి అమ్మారు. కొరియర్ రూ.70, ప్యాకింగ్ రూ.15, కొనడానికి తిరిగిన ఖర్చులో దాని వాటా రూ.20. మొత్తం ఖర్చు రూ.255 పోను మిగిలేది రూ.95. అదే పుస్తకాన్ని బేరంలో తొందరపడి రూ.250కి కొని ఉంటే రూ.5 నష్టం. కొనేటప్పుడే లాభం ఖాయమవుతుందన్న మాటకు అర్థం ఇదే.

నెలకు 44 పుస్తకాలు కొని 40 అమ్మితే రూ.3,800 మిగులుతుంది. అమ్ముడుపోని నాలుగింటి ఖరీదు రూ.600 తీసేస్తే రూ.3,200. అమ్ముడైన ఒక్కో పుస్తకానికి వెతకడం, ఫొటో తీయడం, జవాబులివ్వడం, పార్శిల్ చేయడం కలిపి అరగంట పడితే మొత్తం 20 గంటలు. గంటకు రూ.160 వచ్చినట్టు. దీంతో ఇల్లు గడవకపోవచ్చు. పరీక్ష ఫీజు, మెస్ బిల్లులో కొంత, సొంత పుస్తకాల ఖర్చు మాత్రం గడుస్తుంది. మీ గంట విలువ ఎంతో ప్రతి నెలా ఇలా లెక్క కట్టుకోండి. అది తగ్గుతూ పోతుంటే కొనే పద్ధతి మార్చుకోవాలి.

పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పండి

కొనేవారు పుస్తకాన్ని చేత్తో పట్టి చూడలేరు. వారికి మీ మాటే ఆధారం. వాట్సాప్ గ్రూపులో పెట్టినా, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినా, ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లలో పెట్టినా పద్ధతి ఒకటే. పగటి వెలుతురులో ముందు అట్ట, వెనక అట్ట, పుస్తకం వెన్ను, ముద్రణ వివరాల పేజీ, లోపలి రెండు పేజీలు ఫొటో తీయాలి. అన్నిటికన్నా ఎక్కువ పాడైన చోటు తప్పనిసరిగా చూపించాలి. పెన్సిల్ గీతలా, పెన్ను గీతలా, హైలైటరా, చెమ్మ మరకలా, చెదలు తిన్న అంచులా అన్నది రాయాలి. పేజీలన్నీ ఉన్నాయో లేదో లెక్కచూసి చెప్పాలి. ‘బాగుంది’ అని ఒక్క మాట రాసే అమ్మకందారు కన్నా ‘మొదటి మూడు అధ్యాయాల్లో పెన్సిల్ గీతలు ఉన్నాయి, 212వ పేజీ మూల చిరిగింది’ అని రాసేవారికే మళ్లీ మళ్లీ ఆర్డర్లు వస్తాయి.

పంపేటప్పుడు ముందు ప్లాస్టిక్ కవరు, దానిపై గట్టి అట్ట, ఆపై బయటి కవరు వేయాలి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం. పోస్టాఫీసుల్లో 2025 మే 1న మొదలైన జ్ఞాన్ పోస్ట్ సేవలో 300 గ్రాముల వరకు రూ.20, గరిష్ఠంగా 5 కిలోలకు రూ.100, పన్నులు అదనం. ఏ పుస్తకాలు ఆ సేవకు అర్హమో నియమాలున్నాయి కాబట్టి కౌంటర్‌లో అడిగి పంపండి. కొరియర్ సంస్థలు పెట్టె పరిమాణాన్ని బట్టి కూడా బరువు కడతాయి. అందుకే పుస్తకానికి సరిపోయేంత ప్యాకింగే చేయాలి.

పన్నులు, మోసాలు: ముందే తెలుసుకోండి

పుస్తకాలు దాటి బట్టలు, వస్తువుల్లోకి వెళ్తే జీఎస్టీ నియమాలు మారతాయి. వస్తువులు అమ్మేవారికి రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి రూ.40 లక్షలు, తెలంగాణలో రూ.20 లక్షలు. పన్ను వర్తించే వస్తువులను వేరే రాష్ట్రానికి అమ్మితే సాధారణంగా ఈ పరిమితితో పని లేకుండానే రిజిస్ట్రేషన్ కావాలి. పన్ను మినహాయింపు ఉన్న పుస్తకాలు మాత్రమే అమ్మేవారికి ఈ బాధ లేదు. ఆదాయపు పన్ను సంగతి వేరు: వచ్చిన లాభం మీ ఆదాయంలో కలుస్తుంది. అందుకే మొదటి రోజు నుంచే కొన్నది, అమ్మినది, ఖర్చు రాసిపెట్టుకోవాలి. ఉద్యోగంలో ఉన్నవారు సంస్థ నిబంధనలు చూసుకోవాలి. ప్రభుత్వోద్యోగులు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు.

మోసాల్లో ఎక్కువగా కనిపించేది క్యూఆర్ కోడ్ మోసం. కొంటానని ఫోన్ చేసి, డబ్బు పంపుతున్నా, స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతా నుంచి డబ్బు పోతున్నట్టే. చెల్లించినట్టు స్క్రీన్‌షాట్ పంపితే నమ్మకుండా ఖాతాలో జమ చూసుకున్నాకే పార్శిల్ చేయండి. నష్టపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ముందుముందు పాత ఫోన్లు కొనాలనుకుంటే బిల్లు అడగండి, సంచార్ సాథీలో ఐఎంఈఐ సరిచూడండి. దొంగసొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

మొదటి నెల ప్రణాళిక

మొదటి వారం డబ్బు పెట్టొద్దు. మీ అలమరలో పని తీరిన పది పుస్తకాలు తీసి, వివరాలు రాసి, అమ్మకానికి పెట్టండి. ఫొటో, వర్ణన, పార్శిల్, కొనేవారితో మాట అన్నీ వాటితోనే నేర్చుకోవచ్చు. రెండో వారం స్నేహితుల పుస్తకాలను, అమ్ముడయ్యాక డబ్బిచ్చే ఒప్పందం మీద తీసుకోండి. మూడో వారం వచ్చిన డబ్బులో సగంతో మాత్రమే కొత్త సరుకు కొనండి. నాలుగో వారం లెక్క చూసుకుని ఏ సబ్జెక్టు పుస్తకాలు త్వరగా పోయాయో గుర్తించి, దాన్ని మీ ప్రత్యేకతగా చేసుకోండి. నర్సింగ్ పుస్తకాలు, డీఎస్సీ పుస్తకాలు, తెలుగు కథాసాహిత్యం ఏదైనా కావచ్చు. అన్నీ అమ్మే చోటుకన్నా, ఫలానా పుస్తకం కావాలంటే ఫలానా వారిని అడగాలి అని పేరుపడిన చోటుకే జనం వస్తారు. అప్పు చేసి సరుకు కొనవద్దు. మీ పరీక్షకు నెల రోజుల ముందు అమ్మకాలు ఆపేయండి. చదువు కోసం చేసే పని చదువుకు అడ్డు కాకూడదు.

ఇది ఎటు దారి తీస్తుంది?

ఏడాది పాటు శ్రద్ధగా చేసినవారికి వస్తువుల జాబితా తయారుచేయడం, వెల నిర్ణయించడం, స్టాకు లెక్క, వినియోగదారులతో మర్యాదగా వ్యవహరించడం చేతనవుతాయి. ఈ-కామర్స్ సంస్థల్లో క్యాటలాగ్, సెల్లర్ సపోర్ట్ ఉద్యోగాలకు, ప్రచురణ సంస్థల్లో అమ్మకాల విభాగానికి కావాల్సిన నైపుణ్యాలు ఇవే. రెజ్యూమెలో ‘పాత పుస్తకాలు అమ్మాను’ అని వదిలేయకుండా ఎన్ని అమ్మారో, ఎన్ని తిరిగొచ్చాయో, లెక్కలు ఎలా రాశారో రాయండి. పుస్తకాల మీదే మనసు నిలిచిందనుకుంటే డిగ్రీ తర్వాత ఏడాది కోర్సు బీఎల్‌ఐఎస్సీ ఉంది. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాలతో పాటు దూరవిద్యలో డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా దీన్ని అందిస్తోంది. గ్రంథాలయాల్లో ఉద్యోగాలకు అదే దారి.

వ్యాపారంగా పెంచుకునేవారికీ, కొంతకాలం చేసి ఆపేసేవారికీ ఒకే సలహా. చదివే ఇంకొకరికి అందాల్సిన పుస్తకం తూకానికి పోకుండా ఆపినందుకు వచ్చే కూలీ ఇది. కాబట్టి వెలలోనూ, వివరణలోనూ న్యాయంగా ఉండండి. మీ దగ్గర కొన్న విద్యార్థి రేపు తన పుస్తకాలను మళ్లీ మీకే అమ్మాలనుకునేలా వ్యవహరిస్తే, కొనేవారి కోసమూ సరుకు కోసమూ మీరు వేరే వెతుక్కోనక్కర్లేదు.