కిక్ కొట్టినా స్టార్ట్ కాని ఆర్‌ఎక్స్ 100: పార్టులు మార్చే ముందు ఈ టెస్టులు చేయండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూలు రాసే చోట పాత బండి గోల ఏంటి అనుకోకండి. ఇంట్లో మల్టీమీటర్ ఉండి, లాగ్స్ చదివే ఓపిక ఉన్నవాళ్ళకి యమహా ఆర్‌ఎక్స్ 100 కంటే మంచి గ్యాడ్జెట్ లేదని నా అభిప్రాయం. 98 సీసీ, ఒకటే సిలిండర్, టూ స్ట్రోక్. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైంది. అంటే వాటిలో అన్నిటికంటే కొత్తదానికి కూడా నాకంటే వయసు ఎక్కువే.

ఇలాంటి బండి ఏడాదో రెండేళ్ళో మూలన పడి ఉండి, ఇప్పుడు స్టార్ట్ కానంటే జరిగే కథ మీకు తెలిసిందే. కొత్త ప్లగ్ వేస్తారు, స్టార్ట్ కాదు. కార్బురేటర్ క్లీన్ చేస్తారు, కాదు. సీడీఐ మారుస్తారు, అయినా కాదు. చివరికి "బోర్ పోయింది, ఇంజిన్ దించాలి" అంటారు. ఇక్కడే ఆగండి. సిలిండర్‌ని ఒకసారి బోరింగ్ చేస్తే, లోపల గీకేసిన లోహం మళ్ళీ రాదు. ఓవర్‌సైజ్ పిస్టన్లు పావు మిల్లీమీటర్ తేడాతో కొన్ని సైజుల వరకే దొరుకుతాయి. అవి అయిపోతే ఒరిజినల్ సిలిండర్ కథ దాదాపు ముగిసినట్టే. అవసరం లేకుండా ఒక సైజు ఎక్కించడమంటే సిలిండర్ ఆయుష్షులో ఒక ముక్క కోసి పారేయడమే.

అసలు పార్టులు మార్చుకుంటూ పోయే పద్ధతి ఎందుకు పనిచేయదు? చాలాకాలం ఆగిపోయిన బండిలో ఒక్క ఫాల్ట్ ఉండటం అరుదు. రెండు ఫాల్టులు ఉన్నాయనుకోండి. మొదటిదాన్ని కరెక్ట్‌గానే సరిచేశారు, కానీ రెండోది మిగిలి ఉంది కాబట్టి బండి స్టార్ట్ కాలేదు. "ఓహో, ఇది కాదన్నమాట" అని ఆ పార్టుని లిస్టులోంచి కొట్టేస్తారు. ఒక్కోసారి పాతదే తిరిగి బిగించేస్తారు కూడా. కోడ్‌లో రెండు బగ్స్ ఒకదాన్నొకటి దాచిపెట్టినప్పుడు మనకి జరిగేది కూడా ఇదే. స్టార్ట్ అయ్యిందా లేదా అన్నది మొత్తం సిస్టమ్‌కి పెట్టే టెస్ట్. మనకి కావాల్సింది ఒక్కో భాగానికి విడివిడిగా, ఇంజిన్ స్టార్ట్ కాకపోయినా జవాబు చెప్పగలిగే టెస్ట్. కంప్రెషన్, కరెంటు, పెట్రోలు. ఈ వరుసలోనే చేయండి, ఎందుకో చెప్తాను.

కంప్రెషన్ ముందు ఎందుకంటే అది వేరే దేనిమీదా ఆధారపడదు. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో కంప్రెషన్ గేజ్ బిగించండి. కీ ఆఫ్‌లో పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు ఇక పైకి కదలనంతవరకు కిక్ కొట్టండి. 100 పీఎస్ఐ దాటితే ఇంత చిన్న టూ స్ట్రోక్ స్టార్ట్ అవ్వడానికి కంప్రెషన్ అడ్డం కాదు. దానికి బాగా కిందుంటే అప్పుడు రింగులు, హెడ్ గ్యాస్కెట్ గురించి మాట్లాడుకోవచ్చు. గేజ్ లేకపోతే రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి చూడొచ్చు, కానీ అది అంచనా మాత్రమే. ఇంజిన్ దించాలన్న నిర్ణయం వేలితో తీసుకోకండి.

తర్వాత కరెంటు. ఆర్‌ఎక్స్ 100లో ప్లగ్‌కి వెళ్ళే కరెంటుకి బ్యాటరీతో పనిలేదు. మ్యాగ్నెట్ లోపలి కాయిల్ నుంచి సీడీఐకి, అక్కడినుంచి ఇగ్నిషన్ కాయిల్‌కి, అక్కడినుంచి లావు వైరులో క్యాప్‌కి, ప్లగ్‌కి వెళ్తుంది. ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, దాని లోహం భాగం హెడ్‌కి తగిలేలా ఆనించి కిక్ కొడితే నీలంగా, చప్పుడుతో స్పార్క్ రావాలి. ప్లగ్‌ని రంధ్రానికి దూరంగా ఆనించండి, రంధ్రాన్ని పాత గుడ్డతో కప్పండి. అందులోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, మంట అంటుకోవడానికి అంతకంటే ఏం కావాలి? అలాగే ప్లగ్ ఎక్కడా ఆనకుండా గాల్లో వేలాడుతుంటే కిక్ కొట్టకండి, కాయిల్‌కి, సీడీఐకి మంచిది కాదు.

ఒక సంగతి చాలామందికి తెలియదు. బయట గాలిలో స్పార్క్ వచ్చినంత మాత్రాన లోపల కంప్రెషన్ కింద వస్తుందని కాదు. ఒత్తిడి పెరిగేకొద్దీ స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. అందుకే గ్యాప్ అడ్జస్ట్ చేసుకునే స్పార్క్ టెస్టర్ కొని, సుమారు 6 మిల్లీమీటర్లు దూకుతుందో లేదో చూడటం మేలు.

స్పార్క్ అసలు రాకపోతే సీడీఐ కొనడానికి పరిగెత్తకండి. కీ స్విచ్ నుంచి సీడీఐ వైపు వచ్చే కిల్ వైరుని కనెక్టర్ దగ్గర ఊడదీసి మళ్ళీ చూడండి. ఇప్పుడు స్పార్క్ వస్తే తప్పు స్విచ్‌దే. రాకపోతే క్యాప్‌ని వైరు నుంచి మరతిప్పి తీసేసి, వైరు కొసని ఇన్సులేటెడ్ ప్లయర్‌తో హెడ్‌కి దగ్గరగా పెట్టి చూడండి. చేత్తో మాత్రం పట్టుకోవద్దు.

మా బాబాయి వాళ్ళ 1994 బండి తెనాలిలో పద్నాలుగు నెలలు కదలకుండా ఉంది. షెడ్డులో కొత్త ప్లగ్ వేశారు, కార్బురేటర్ తుడిచారు, స్టార్ట్ కాలేదు, బోరింగ్ అన్నారు. బాబాయి ఆ డబ్బు దండగ, అమ్మేద్దాం అన్నాడు. గేజ్ పెడితే 118 పీఎస్ఐ. "బాబాయ్, బోర్‌కేం కాలేదు, ఒక్క ఆదివారం టైమివ్వు" అన్నాను. స్పార్క్ లేదు. కిల్ వైరు తీసినా లేదు. క్యాప్ తీసేస్తే వైరు కొస నుంచి టపటపమని కొట్టింది. క్యాప్‌కి మల్టీమీటర్ పెడితే ఓపెన్ సర్క్యూట్. రెసిస్టర్ రకం క్యాప్ అయితే సుమారు 5 కిలో ఓమ్స్ చూపించాలి. కొత్త క్యాప్ వేశాం, నీలం స్పార్క్ వచ్చింది. బండి మాత్రం స్టార్ట్ కాలేదు. "పోన్లేరా, వదిలెయ్" అన్నాడు బాబాయి.

పాత పద్ధతిలో అయితే ఇక్కడ క్యాప్ కూడా లిస్టులోంచి పోయేది. కానీ క్యాప్ బాగుపడిందని మనకి విడిగా తెలుసు కాబట్టి ముందుకే వెళ్ళాం. ఆయిల్ కలిపిన పెట్రోల్ అర చెంచా ప్లగ్ రంధ్రంలో పోసి, ప్లగ్ బిగించి కిక్ కొడితే రెండు సెకన్లు గర్జించి ఆగిపోయింది. అంటే పెట్రోల్ అందట్లేదు. ఈ చెంచా టెస్ట్‌ని స్పార్క్ తర్వాతే చేయాలనేది ఇందుకే. స్పార్క్ లేనప్పుడు చేస్తే ఇది తప్పు జవాబు చెప్తుంది.

ఫ్లోట్ బౌల్ కింద స్క్రూ వదిలితే పెట్రోల్ ధారగా వచ్చింది. కాబట్టి ట్యాంకు, ట్యాపు బాగానే ఉన్నాయి. ధార రెండు క్షణాల్లో ఆగిపోతే ట్యాప్ ఫిల్టర్, ట్యాంకు మూతలో గాలి రంధ్రం చూడాలి. మిగిలింది జెట్లు. పైలట్ జెట్ విప్పి వెలుతురుకి పెడితే రంధ్రమే కనిపించలేదు, పెట్రోల్ ఎండి బంకలా పట్టేసింది. చోక్‌కి పెట్రోల్ లాగే సన్నటి దారి కూడా అంతే. కార్బ్ క్లీనర్ స్ప్రే, ఎయిర్ ప్రెషర్, అంతే. జెట్‌లో తీగలు, పిన్నీసులు గుచ్చకండి, రంధ్రం పెద్దదైతే మిక్స్చర్ మారిపోతుంది. మూడో కిక్‌కి స్టార్ట్ అయ్యింది. చోక్ వేసినప్పుడు యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. త్రాటిల్ మూసి ఉంటేనే చోక్ దారిలో పెట్రోల్ లాగేంత వాక్యూమ్ వస్తుంది.

మూడూ పాసై కూడా స్టార్ట్ కాకపోతే? అప్పుడు టూ స్ట్రోక్ ప్రత్యేకత గుర్తుచేసుకోవాలి. ఇందులో క్రాంక్‌కేస్ అంటే ఉత్త డబ్బా కాదు, గాలి పెట్రోలు మిశ్రమాన్ని లోపలికి లాగి పైకి తోసే పంపు. దాని సీల్స్ ఎండిపోయి గట్టిపడితే గాలి దొంగదారిలో వస్తుంది. మ్యాగ్నెట్ వైపు సీల్ పోతే మిక్స్చర్ పలచబడుతుంది. క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్‌ని లోపలికి లాగేసుకుంటుంది. ఎప్పుడో స్టార్ట్ అయినప్పుడు పొగ విపరీతంగా వచ్చి, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతుంటే అనుమానం దీనిమీదే. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ దారులు మూసి 6 పీఎస్ఐ గాలి పట్టించండి. ఆరు నిమిషాలు దాదాపు అలాగే నిలబడాలి. రీడ్ వాల్వ్ రేకులు విరిగాయేమో, పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో కూడా చూడండి. ఇంకా తేలకపోతే మ్యాగ్నెట్ విప్పి దాని కీ తెగిందేమో చూడాలి. అది తెగితే స్పార్క్ వస్తుంది, కానీ రావాల్సిన టైముకి రాదు. సైలెన్సర్ కార్బన్‌తో మూసుకుపోయినా ఇంజిన్‌కి ఊపిరాడదు.

ప్లగ్ ఎప్పుడు తీసినా తడిసి కారుతుంటే అది ఓవర్‌ఫ్లో. ట్యాప్ ఆపి, ప్లగ్ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పది కిక్కులు కొడితే లోపలున్నది బయటికి వస్తుంది. మళ్ళీ నిండితే ఫ్లోట్ నీడిల్ మార్చండి.

స్టార్ట్ అవ్వగానే రౌండుకి వెళ్ళకండి. ఆటోల్యూబ్ పంపు పీకేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుకునే బళ్ళు చాలా ఉన్నాయి, మీది ఏ రకమో ముందు తెలుసుకోండి. పంపు ఉంటే, ఇన్నాళ్ళూ ఆగి ఉంది కాబట్టి ఆయిల్ పైపులో గాలి బుడగ చేరి ఉండొచ్చు. ఆయిల్ అందకపోతే పిస్టన్ పట్టేస్తుంది, అప్పుడు బోరింగ్ నిజంగానే తప్పదు. పంపు దగ్గర స్క్రూ వదిలి గాలి తీసేయండి, మొదటి లీటరు పెట్రోల్‌లో అదనంగా 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలపండి. పైపులో బుడగల్లేకుండా ఆయిల్ కదులుతోందని కళ్ళతో చూశాకే హెల్మెట్ తీసుకోండి.