మందు పేరు రోగితో ఇంటికెళ్ళాలి

సామర్లకోట

చిరంజీవి బుజ్జికి,


మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతే మనసులో తిరుగుతోంది. సీటీ స్కాన్‌కి కాంట్రాస్ట్ మందు ఎక్కించిన కాసేపటికే ఒకాయనకి ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఆయాసం వచ్చి, డాక్టరుగారు ఇంజక్షన్లు ఇచ్చాక తేరుకున్నారన్నావు. "గండం గడిచింది పెద్దమ్మా" అన్నావు. గడిచిన మాట నిజమే. కానీ నర్సు పని అక్కడితో అయిపోదమ్మలూ. ఆ మనిషి క్షేమంగా ఇల్లు చేరాలి. రేపెప్పుడో ఇంకో ఊళ్ళో ఇంకో స్కాన్ బల్ల ఎక్కితే అక్కడా క్షేమంగా ఉండాలి. ఆ రెండూ చాలావరకు నీ చేతిలోనే ఉన్నాయి. ఉద్యోగమంతా వార్డుల్లోనే గడిపినదాన్ని కాబట్టి ఆ చనువుతో రాస్తున్నాను.

ఆ మందంటేనే నీకు భయం పట్టుకుందేమో, ముందు ఆ సంగతి. ఒంటికి మంట తక్కువగా ఉండే మందు కావాలని స్వీడన్ రేడియాలజిస్టు టోర్‌స్టెన్ ఆల్మెన్ 1960ల చివర్లో ఆలోచించబట్టే, ఇవాళ మీరు వాడే నాన్ అయానిక్ కాంట్రాస్ట్ వచ్చింది. జపాన్‌లో కతయామా బృందం 3 లక్షల పైచిలుకు రోగుల లెక్కలు తీసి 1990లో ప్రకటించింది. పాత అయానిక్ రకంతో నూటికి 12.66 మందికి ఏదో ఒక ఇబ్బంది వస్తే, కొత్త రకంతో 3.13 మందికే వచ్చింది. తీవ్రమైనవి 0.22 నుంచి 0.04కి దిగాయి, అంటే పదివేల మందిలో నలుగురు. నలుగురే కదా అని ఏమరుపాటు పనికిరాదు. ఆ నలుగురిలో ఒకరు ఇవాళే మీ గదిలోకి రావచ్చు.

సూది ఎక్కగానే ఒళ్ళు వేడెక్కడం, నోట్లో ఇనుము రుచి తగలడం, కాస్త వికారం మామూలుగా వచ్చేవే. ఆ సంగతి ముందే చెబితే సగం మంది కంగారు పడరు. దద్దుర్లు, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, బీపీ పడిపోవడం మాత్రం వేరు. భయంతో సొమ్మసిల్లినవాళ్ళకి నాడి నెమ్మదిస్తుంది, అలర్జీలో సాధారణంగా వేగంగా కొట్టుకుంటుంది. మణికట్టు పట్టుకుని చూస్తే నీకే తెలుస్తుంది.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్తాను. మనవైపు ఏ అలర్జీ అయినా చెయ్యి ముందు ఎవిల్ మీదకీ, స్టెరాయిడ్ మీదకీ పోతుంది. ఒట్టి దద్దుర్లకి ఎవిల్ చాలు. ఊపిరి అందకపోయినా, బీపీ పడిపోయినా ప్రాణం నిలిపేది అడ్రినలినే. పెద్దవాళ్ళకి అర మిల్లీగ్రాము, అంటే 1 మిల్లీగ్రాము ఆంప్యూల్‌లో సగం, తొడ బయటివైపు కండలోకి. తగ్గకపోతే అయిదు నిమిషాలకి మళ్ళీ. స్టెరాయిడ్ పని మొదలుపెట్టడానికి గంటలు పడుతుంది. డాక్టరుగారు చెప్పిన మరుక్షణం అందించేలా ఆంప్యూలూ సిరంజీ ఎక్కడున్నాయో డ్యూటీ ఎక్కగానే చూసుకో, గడువు తేదీ కూడా చూడు. బీపీ పడిపోయినవాళ్ళని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టు. తేరుకున్నారు కదా అని వెంటనే లేపి నడిపించకు.

ఇక అసలు సంగతి, ఆ తర్వాత. ఏ ఇబ్బందీ లేనివాళ్ళని కూడా అరగంట కూర్చోబెట్టాలి. తీవ్రమైన రియాక్షన్లు చాలావరకు ఆలోపే బయటపడతాయి. అందాకా కాన్యులా తియ్యకు. మన సామర్లకోట వాళ్ళకి బస్సు తప్పిపోతుందనీ, పెద్దాపురం వాళ్ళకి చీకటి పడుతుందనీ తొందర. విసుక్కోకుండా ఎందుకు ఆగమంటున్నావో చెప్పు, ఆగుతారు. అనాఫిలాక్సిస్, అంటే ఊపిరో బీపీనో దెబ్బతినేంత తీవ్రమైన అలర్జీ, వచ్చినవాళ్ళకైతే అరగంట ఎంతమాత్రం చాలదు. తగ్గిన బాధ మందు ప్రభావం దిగాక కొన్ని గంటలకి మళ్ళీ తిరగబెట్టవచ్చు. అందుకే ఆరు నుంచి పన్నెండు గంటలు, అవసరమైతే రాత్రంతా, కళ్ళముందు ఉంచుకోవాలి. ట్రిప్టేస్ పరీక్ష దొరికే చోటైతే మొదటి రెండు గంటల్లోనే రక్తం తీయించమని గుర్తుచెయ్యి. అది నిజంగా అలర్జీయేనా అన్నది తర్వాత తేల్చడానికి పనికొస్తుంది.

ఇంటికి పంపేటప్పుడు రోగితోనే కాదు, వెంట వచ్చిన మనిషితో కూడా మాట్లాడు. ఎవిల్ మత్తుగా ఉంటుంది, బండి నడపొద్దను. ఆ రాత్రి ఒంటరిగా పడుకోవద్దను. ఆయాసం వచ్చినా, పెదాలు వాచినా 108కి ఫోన్ చెయ్యమను. దద్దుర్లు గంట తర్వాత మొదలుకొని వారం లోపు ఎప్పుడైనా రావచ్చు. మన ఇళ్ళల్లో దాన్ని "వేడి చేసింది" అనుకుని మజ్జిగా బార్లీ నీళ్ళూ తాగించి ఊరుకుంటారు. వాటితో హాని లేదు గానీ, బొబ్బలు లేచినా, నోట్లో కళ్ళల్లో పుండ్లు పడినా, జ్వరం వచ్చినా ఒక్కరోజు కూడా ఆగకుండా రావాలని చెప్పు.

అన్నిటికన్నా ముఖ్యమైంది కాగితం. "అయోడిన్ అలర్జీ" అని రాసి పంపేస్తే ఎవరికీ ఉపయోగం లేదు, పైగా హాని. అయోడిన్ మనం తినే ఉప్పులో ఉంది, థైరాయిడ్ హార్మోన్‌లో ఉంది. ఒంటికి పడనిది ఆ కాంట్రాస్ట్ మందు. రొయ్యలు పడకపోవడానికి కారణం వాటి కండలోని ప్రోటీను. రెండింటికీ సంబంధం లేదు. చేపా రొయ్యా నిత్యం వండుకునే మన ప్రాంతంలో ఈ పొరపాటు మాట వల్ల కొందరు కూర మానేస్తారు, కొందరు అవసరమైన స్కాన్ మానేస్తారు. ఉబ్బసం, ఇతర అలర్జీలు ఉన్నాయేమో అడగడం మంచిదే. కానీ మొట్టమొదట అడగాల్సింది, "ఇదివరకు స్కాన్ సూది వేసినప్పుడు ఏమైనా అయిందా?" అని. ముందుగా కాస్త టెస్ట్ డోసు వేసి చూశాం కదా అన్న ధీమా కూడా వద్దు. అది రాబోయేదాన్ని పట్టివ్వదు.

అందుకని కాగితం మీద మందు అసలు పేరు, అయోహెక్సాల్ అయితే అయోహెక్సాల్ అనీ, అయోడిక్సనాల్ అయితే అయోడిక్సనాల్ అనీ రాయించు. ఎన్ని మిల్లీలీటర్లు, బ్యాచ్ నంబరు, ఎన్ని నిమిషాలకి ఏం కనిపించింది, బీపీ ఎంత, ఏమిచ్చారు, ఎప్పటికి తగ్గింది, అన్నీ ఉండాలి. కింద తెలుగులో రెండు ముక్కలు రాసి చదివి వినిపించు: "ఈ మందు నాకు పడలేదు. మళ్ళీ స్కాన్ చేసేముందు ఈ కాగితం చూడండి." ఆరోగ్య కార్డుతో కలిపి దాచుకోమను, ఇంట్లో చదువుకున్న పిల్లల ఫోన్‌లో ఫొటో తీయించు.

ఇక జన్మలో స్కాన్ వద్దనే భయం ఆ మనిషికి మిగలకూడదు. రేపు గుండెకి యాంజియోగ్రామ్ కావాలంటే ఏం చేస్తారు? డాక్టర్లు కాంట్రాస్ట్ లేకుండా కుదురుతుందేమో చూస్తారు, వేరే మందుకి మారుస్తారు, అలర్జీ నిపుణుల చేత చర్మ పరీక్ష చేయిస్తారు, అవసరమైతే ముందుగా మందులు ఇస్తారు. ఎమ్మారైలో వాడే గడోలినియం వేరే జాతి మందు. ఇన్ని దారులున్నాయని ఆయనకి తెలియాలి. ఇవన్నీ ఎంచుకోవాలంటే మాత్రం పడని మందు ఏదో డాక్టరుగారికి తెలియాలి.

ఇంకో కాగితం ప్రభుత్వానికి. మన దేశంలో మందుల దుష్ప్రభావాలను గమనించే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది, కేంద్రం ఘజియాబాద్‌లో. డాక్టర్లే కాదు, నర్సులూ రిపోర్టు పంపవచ్చు. ఉచిత ఫోన్ 1800-180-3024. ఇది ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. ఏ మందు ఎవరికి పడడం లేదో దేశానికి తెలిసే దారి అదే.

మొన్నటి ఆయన ఫోన్ నంబరు రిజిస్టర్‌లో ఉండే ఉంటుంది. రేపు డ్యూటీకి వెళ్ళగానే ఒంట్లో ఎలా ఉందో కనుక్కుని, డాక్టరుగారితో ఆ కాగితం రాయించి ఆయనకి అందేలా చూడు. ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి. వేళకి అన్నం తిను.

ఇట్లు,
మీ పెద్దమ్మ