బిడ్డ మందు ఆగరాదు

ఒక ఇంటిని తలచుకుందాం. తండ్రి ఆటో నడుపుతాడు. తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఏడేళ్ల కొడుకుకు తలసీమియా మేజర్. రెండు నుంచి నాలుగు వారాలకోసారి వాడికి రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో పాటు ఒంట్లోకి ఇనుము చేరుతుంది. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే మార్గం మన శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. అందుకే ఇనుమును తొలగించే డెఫెరాసిరాక్స్ వంటి మందు రోజూ వాడాలి. బిడ్డ బరువు పెరిగేకొద్దీ మోతాదు పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

రక్తం తప్పితే బిడ్డ నీరసించిపోతాడు, ఇంట్లో అందరికీ తెలుస్తుంది. మాత్ర తప్పితే మాత్రం మర్నాడు ఏ తేడా కనిపించదు. వాడు ఎప్పటిలాగే ఆడుకుంటాడు. కనుక చేతిలో డబ్బు తగ్గినప్పుడు ముందుగా ఆగిపోయేది ఆ మాత్రే. మొదట రోజు విడిచి రోజు ఇస్తారు, తర్వాత వారాలు గడిచిపోతాయి. లోపల గుండెకు జరిగే నష్టం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. మూర్ఛకు, చక్కెర వ్యాధికి ఏళ్ల తరబడి మందు వాడే పిల్లల ఇళ్లలోనూ ఖర్చు బాధ ఇలాంటిదే.

ఆ తల్లిదండ్రులు ఎవరినీ ఎందుకు అడగరు? 'చేయి చాచటం మన ధర్మానికి విరుద్ధం' అనుకుంటారు. ఈ మాటను మనం సరిగా అర్థం చేసుకోవాలి.

అడగటం ఎప్పుడు ధర్మసమ్మతం?

అవసరం లేకుండా, ఆస్తి పెంచుకోవటానికి యాచించటాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. ఇచ్చే చేయి పుచ్చుకునే చేతికన్నా మేలైనదని బోధించారు. అయితే ఆ బోధనల పక్కనే మరో హదీసు ఉంది. దాన్ని మనం తక్కువగా వింటాం.

హజ్రత్ ఖబీసా బిన్ ముఖారిఖ్ (రజి) ఇతరుల కోసం ఒక ఆర్థిక బాధ్యతను నెత్తిన వేసుకుని, సహాయం కోరుతూ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. ఆయన మందలించలేదు. సదఖా సొమ్ము వచ్చే వరకు ఆగమన్నారు, అందులో నుంచి ఇప్పిస్తామన్నారు. ఆ తర్వాత అడగటం ముగ్గురికి ధర్మసమ్మతమని వివరించారు. ఇతరుల కోసం బాధ్యత తలకెత్తుకున్నవాడు ఒకరు. ఆపద వచ్చి ఉన్నదంతా పోగొట్టుకున్నవాడు రెండోవాడు. లేమిలో పడ్డాడని అతని వాళ్లలోనే వివేకవంతులైన ముగ్గురు సాక్ష్యమిచ్చినవాడు మూడోవాడు. అతని జీవనం కుదుటపడే మేరకు అడగవచ్చని, అంతకు మించినది నిషిద్ధమని చెప్పారు (సహీహ్ ముస్లిం).

బిడ్డ ప్రాణం నిలిపే మందు కొనలేని తండ్రి ఈ అనుమతి పరిధిలోనే ఉన్నాడు. చికిత్స చేయించుకోమని కూడా దైవప్రవక్త (స) ఆదేశించారు. కనుక మాత్రలు ఆపి సహనం పాటిస్తున్నామనుకోవటం సరికాదు. బిడ్డ మన దగ్గర అల్లాహ్ ఉంచిన అమానతు. మన అభిమానం కోసం ఆ అమానతును నష్టపరచే హక్కు మనకు లేదు.

జకాత్ వర్తిస్తుందా?

దివ్యఖుర్ఆన్‌లోని తౌబా సూరా 60వ ఆయతు జకాత్ హక్కుదారులను ఎనిమిది వర్గాలుగా పేర్కొంది. నిరుపేదలు, అక్కరగలవారు, అప్పుల్లో చిక్కుకున్నవారు ఆ జాబితాలో ఉన్నారు. 'వారికి సొంత ఇల్లుంది, ఆటో ఉంది, జకాత్ ఎలా ఇస్తాం?' అని కొందరు సందేహిస్తారు. నివసించే ఇల్లు, బ్రతుకుతెరువు సాధనం అవసరాల కిందికే వస్తాయి. అప్పులు, అవసరాలు పోగా నిసాబ్ మేరకు మిగులు లేనివారు జకాత్ పుచ్చుకోవచ్చు. వెండి ప్రకారం నిసాబ్ యాభై రెండున్నర తులాలు, అంటే సుమారు 612 గ్రాములు. చిన్నపిల్లల విషయంలో తండ్రి స్థితిని చూస్తారు. తల్లి నగల లెక్క వేరు. సందేహముంటే ఆలింను అడగాలి.

తండ్రి తన జకాత్‌ను తన బిడ్డకు ఇవ్వలేడు. తాతయ్య, నానమ్మ, అమ్మమ్మలు కూడా మనవడికి ఇవ్వరాదు. వారు మామూలు సొమ్ముతో ఆదుకోవాలి. చిన్నాన్న, మేనత్త, మేనమామ, పిన్ని ఇవ్వవచ్చు. బంధువుకిచ్చే దానంలో దానపుణ్యం, బంధుత్వాన్ని నిలిపిన పుణ్యం రెండూ ఉన్నాయని హదీసు. సయ్యద్ కుటుంబాలకు జకాత్ బదులు కానుకగా ఇవ్వాలని ఉలమాలలో అత్యధికులు చెబుతారు.

జకాత్‌తో మందులు కొని ఆ కుటుంబానికి అప్పగించినా జకాత్ నెరవేరుతుంది. 'ఇది జకాత్' అని చెప్పనవసరం లేదు, ఇచ్చేవారి సంకల్పం చాలు. పుచ్చుకునేవారి గౌరవం దీనితో నిలుస్తుంది.

ఒకసారి ఇచ్చి మరచిపోకండి

రమజాన్‌లో మనం ఉదారంగా ఇస్తాం. కాని మందు పన్నెండు నెలలూ కావాలి. ఇక్కడ మన ధర్మంలోనే ఒక సౌలభ్యం ఉంది. హజ్రత్ అబ్బాస్ (రజి) తన జకాత్‌ను గడువుకు ముందే చెల్లించటానికి దైవప్రవక్త (స) అనుమతించారు. కనుక నిసాబ్ గలవారు రాబోయే జకాత్‌ను ముందుగానే నెలనెలా ఇస్తూ, సంవత్సరాంతాన లెక్క సరిచూసుకోవచ్చు. నలుగురైదుగురు కలిస్తే ఒక బిడ్డ మందు ఏడాది పొడవునా ఆగదు.

ఒంటెను కూడా కట్టాలి

ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. ప్రభుత్వం ద్వారా లభించే సహాయాన్ని వెతకటం కూడా ఆ కట్టటంలో భాగమే.

వికలాంగుల హక్కుల చట్టం 2016 తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులను వైకల్యాల జాబితాలో చేర్చింది. ధ్రువపత్రం తీసుకుంటే దాని ఆధారంగా వచ్చే సదుపాయాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో తలసీమియా బాధితులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ బిడ్డ మందులకు ఏ పథకం ఎంతవరకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ మందు ఉచితంగా దొరుకుతుందేమో విచారించండి. అదే మందు జెనరిక్ రూపంలో వాడవచ్చా అని డాక్టరును అడిగి, జన ఔషధి దుకాణంలో ధర పోల్చండి. హైదరాబాదులో 1998 నుంచి తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఈ పిల్లల కోసమే పనిచేస్తోంది. డాక్టరు చీటీలు, పరీక్షల ఫలితాలు, మందుల బిల్లులు ఒకే సంచిలో భద్రపరచండి. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేవి అవే.

ఆ ముగ్గురు ఎవరు?

ఖబీసా (రజి) హదీసులోని ముగ్గురు సాక్షులను మళ్లీ గుర్తుచేసుకుందాం. ఆ తల్లి బురఖా సర్దుకుని, బిడ్డ చీటీ పట్టుకుని గడపగడపా ఎందుకు తిరగాలి? మస్జిద్ ఇమామ్ సాహెబ్, మొహల్లా పెద్ద ఒకరు, దరఖాస్తుల పని తెలిసిన చదువుకున్న యువకుడొకరు చాలు. వారు బిల్లులు చూసి నిజం నిర్ధారిస్తారు. పేరు బయటపెట్టకుండా సొమ్ము సేకరిస్తారు. మందుల దుకాణంలో చెల్లించి రసీదు దాస్తారు. జకాత్ సొమ్మును విడిగా ఉంచి, దాంతో కొన్న మందులను ఆ కుటుంబం చేతికే అందిస్తారు. జుమా నాడు మైకులో బిడ్డ పేరు చెప్పటం, సాయం చేస్తూ ఫొటోలు తీయటం మాత్రం వద్దు. ఎత్తిపొడిచి, మనసు నొప్పించి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని బఖరా సూరా 264వ ఆయతు హెచ్చరిస్తోంది. అడగటానికి సిగ్గుపడి మౌనంగా ఉండే అక్కరగలవారిని గుర్తించమని అదే సూరా 273వ ఆయతు మనకు నేర్పుతోంది.

మన వీధిలో ఏ బిడ్డ మందు ఈ నెల ఆగిపోయిందో మనకు తెలుసా? ఈ జుమా నమాజు తర్వాత పక్కనున్న ఇద్దరితో ఈ మాట కదపండి. వారితో కలిసి ముగ్గురవుతారు.

రోగగ్రస్తులైన పిల్లలందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! వారి తల్లిదండ్రులకు ధైర్యాన్ని, మనకు వారి అక్కరను గుర్తించే హృదయాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.