సలహా చెప్పిన కమిటీ, చట్టం చేసిన శాసనసభ

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నప్పటి తెలంగాణ ప్రాంతీయ కమిటీకి సొంతంగా చట్టాలు చేసే అధికారం ఉండేదా? – ఒక పాఠకుడు, జఫర్‌గఢ్

జవాబు: లేదండీ. ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన 1956 పెద్దమనుషుల ఒప్పందంలో మాటిచ్చిన ఈ కమిటీ, రాజ్యాంగం 371వ అధికరణం కింద 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏర్పడింది. తెలంగాణ ఎమ్మెల్యేలే సభ్యులు. అప్పటి వరంగల్ జిల్లాలోని మీ జఫర్‌గఢ్‌లో సాగు భూముల అమ్మకానికో, ప్రాథమిక బడికో సంబంధించిన బిల్లు వస్తే కమిటీ ముందుకు వెళ్లాల్సిందే. చూసి సలహా చెప్పడం వరకే దాని పని, చట్టం చేసేది శాసనసభ. ‘ఆ సలహాను మామూలుగా ఒప్పుకోవాలన్నారు కదా, అదీ అధికారమే’ అనొచ్చు. కాగితం మీద అది చిన్న హక్కేం కాదు. కానీ కమిటీకీ ప్రభుత్వానికీ పేచీ వస్తే చివరి మాట గవర్నర్‌ది, ఆయన్ను ఎన్నుకున్నది తెలంగాణ ఓటరు కాదు. అసలు మెలిక డబ్బు దగ్గర. కమిటీ తనంతట తాను ప్రతిపాదించే వాటికి మామూలు చిల్లర ఖర్చుకు మించి ఆర్థిక భారం ఉండకూడదు. ఇక తెలంగాణలోనే ఖర్చు కావాల్సిన మిగులు నిధులు ఎటుపోయాయన్న కోపం 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో బద్దలైందంటే ఆశ్చర్యమేముంది?

సొంతంగా చట్టం చేసే అధికారం అంటే ఏమిటో తెలియాలంటే ఐరోపా సమాఖ్యతో పోల్చి చూడండి. సభ్యదేశాలు దానికి అప్పగించిన అంశాల్లో సమాఖ్య చట్టమే పైచేయి అని దాని న్యాయస్థానం 1964లోనే తేల్చింది. మన కమిటీకి అలా అప్పగించిన అంశం ఒక్కటీ లేదు. 1973 ఆరు సూత్రాల పథకంతో కమిటీ కూడా పోయింది. భూములు, బడుల వంటి బిల్లులపై చట్టం చేసే సొంత శాసనసభ తెలంగాణకు దక్కింది 2014 జూన్ 2 తర్వాతే.