ఇంజనీరింగ్ సీటు, ఇంటి కాగితాలు

(సందేహాలు - సమాధానాలు)

ప్రశ్న: మాది లాలాగూడ. అమ్మాయికి ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో కన్వీనర్ కోటాలో ఎలక్ట్రికల్ వచ్చింది. తనకేమో కంప్యూటర్ సైన్సే కావాలి. ఊరి చివర ఒక ప్రైవేటు కాలేజీ మేనేజ్‌మెంట్ సీటు ఇస్తానంటోంది. ఏడాదికి రెండున్నర లక్షల ఫీజు, పైన ఐదు లక్షల డొనేషన్. ఫీజుకు పది లక్షలు లోను తీసుకుంటే, ఉద్యోగం వచ్చాక తనే తీర్చుకుంటుందని బంధువులు అంటున్నారు. బ్యాంకువాళ్ళు ఇంటి కాగితాలు అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బంధువులు వడ్డీని లెక్కలో వేసుకోలేదు, డొనేషన్‌నైతే అసలు మర్చిపోయారు.

ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. చదివే నాలుగేళ్ళూ, ఆపైన ఒక ఏడాదీ వాయిదా కట్టక్కర్లేదు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఏటా రెండున్నర లక్షల చొప్పున తీసుకుంటే, పది శాతం మీద ఆ ఐదేళ్ళ వడ్డీయే 3.5 లక్షలు. అమ్మాయి మొదటి వాయిదా కట్టేనాటికి బాకీ 13.5 లక్షలన్నమాట. పదేళ్ళ గడువు పెట్టుకుంటే నెలకు 17,840 రూపాయలు.

ఇక జీతం. హోర్డింగు మీద కనిపించే నలభై లక్షల ప్యాకేజీ బ్యాచిలో ఒకరిదో ఇద్దరిదో. పెద్ద ఐటీ కంపెనీలు వందలమందిని ఒక్కసారే తీసుకునే ఉద్యోగాల్లో ప్యాకేజీ మూడున్నర లక్షల దగ్గరే తిరుగుతోంది. పదిహేనేళ్ళ కిందటా దాదాపు ఇంతే. ఫీజులు మాత్రం అక్కడే ఆగిపోలేదు. పీఎఫ్ వగైరా పోను చేతికి పాతికవేలు అటూఇటూగా వస్తాయి. వాయిదా కట్టేస్తే మిగిలేది ఏడువేలు. మీకున్న వెసులుబాటల్లా ఇల్లు తార్నాక పక్కనే ఉండడం. మెట్రో ఎక్కితే ఐటీ కంపెనీలున్న రాయదుర్గం దాకా రైలు మారే పనిలేదు, హాస్టల్ ఖర్చు తప్పుతుంది. నల్లగొండ నుంచి వచ్చిన పిల్లకు ఆ ఏడువేలు గచ్చిబౌలిలో మంచానికీ భోజనానికీ చాలవు.

మొన్న ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఒక కుర్రాడు ఫోన్‌లో తన లోను స్టేట్‌మెంట్ తీసి చూపించాడు. తొమ్మిది లక్షల బాకీ, పదేళ్ళ గడువు. రెండేళ్ళలో కట్టింది 2.85 లక్షలు, అసలులో తగ్గింది 1.16 లక్షలు. ‘‘ఇదేంటి సార్, బ్యాంకువాళ్ళు తప్పు కొట్టారా?’’ అన్నాడు. తప్పేమీ లేదు. మొదటి ఏళ్ళలో వాయిదాలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది.

నాకు అసలు భయం ఆ ఐదు లక్షల గురించే. దానికి రసీదు ఉండదు కాబట్టి ఏ బ్యాంకూ అప్పివ్వదు. అలాంటి డబ్బు చాలా ఇళ్ళలో నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తారు. నెలకు పదివేలు, నాలుగేళ్ళకు వడ్డీయే 4.8 లక్షలు. ఇలాంటి డొనేషన్ల (క్యాపిటేషన్ ఫీజు) వసూలును నిషేధిస్తూ మన దగ్గర 1983లోనే చట్టం వచ్చిందని కూడా గుర్తుంచుకోండి.

నన్నడిగితే ఎలక్ట్రికల్‌లో చేర్చండి. 1929 నుంచి నడుస్తున్న కాలేజీ అది. క్యాంపస్‌కు వచ్చే ఐటీ కంపెనీలు చాలావరకు బ్రాంచి చూడవు, పరీక్ష పెట్టి తీసుకుంటాయి. కోడింగ్ పక్కన నేర్చుకోవచ్చు. అమ్మాయి ససేమిరా అంటే, ఆ కాలేజీ కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుకు దరఖాస్తు చేసి ఉంటే ఆ దరఖాస్తు పత్రం చూడండి. ఉద్యోగం వచ్చినవాళ్ళ మధ్యస్థ జీతం అందులో ఉంటుంది. ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’ కాదు, ఆ అంకె ముందుపెట్టి పైన చెప్పిన వాయిదాతో పోల్చండి. లోను తీసుకునేటట్టయితే చదువుతుండగానే వడ్డీ కట్టేయండి. మొదటి ఏడాది నెలకు 2,083తో మొదలై నాలుగో ఏడాదికి 8,333 అవుతుంది. అది ఇప్పుడు మీ జీతంలోంచి తీయడం కష్టమనిపిస్తే, రేపు అమ్మాయి జీతంలోంచి 17,840 తీయడం ఇంకా కష్టం.

ప్రశ్న: మావాడు ఓయూలో బీఈ చివరి ఏడాది. అమెరికాలో ఎమ్మెస్‌కు 40 లక్షలు అప్పు చేయవచ్చా? (తార్నాక నుంచి ఒక తల్లి)

జవాబు: పన్నెండు శాతం మీద పదేళ్ళకైతే నెలకు 57,400 రూపాయల వాయిదా. డాలర్లలో జీతం వస్తే అది ఏడొందల డాలర్ల లోపే, బరువనిపించదు. రూపాయల్లో వచ్చే మొదటి జీతంతో మాత్రం తీరదు. డాలర్ల జీతానికి హామీ ఎంత? చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ ఏడాది, కంప్యూటర్ సైన్స్ లాంటి కోర్సయితే మరో రెండేళ్ళు. తర్వాత హెచ్-1బీ లాటరీ, ఏడాదికి మొత్తం 85,000 వీసాలు. పైగా 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అప్పు తీరేది పదేళ్ళకు, చేతిలో ఉన్నది మూడేళ్ళు. రెండేళ్ళు ఇక్కడ ఉద్యోగం చేసి, కొంత కూడబెట్టి, తక్కువ ఫీజున్న యూనివర్సిటీకి వెళ్ళమనండి. మీ ఇల్లు తాకట్టు పెట్టకుండా పోగలిగితేనే పోనివ్వండమ్మా.

ప్రశ్న: నేను బీఎస్సీ కంప్యూటర్ సైన్స్. ఇంజనీరింగ్ కాదు కాబట్టి వెనకబడ్డానా?

జవాబు: అప్పు లేకుండా చదువుతుంటే అది చిన్న సంగతేం కాదు. విప్రో బీఎస్సీ, బీసీఏ వాళ్ళను తీసుకుని, ఉద్యోగం చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తుంది. ఐసెట్ రాసి ఎంసీఏ చేయవచ్చు, ఇప్పుడది రెండేళ్ళే. కంపెనీ చదివించే పథకంలో చేరేటప్పుడు మాత్రం బాండు పూర్తిగా చదివి సంతకం పెట్టండి. ఎన్నేళ్ళు ఉండాలో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో అందులోనే ఉంటుంది.