మంచు చిరుత ఇలాకా: హెమిస్ జాతీయ పార్కు

విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద జాతీయ పార్కు ఏది? గిర్, కజిరంగా అని తొందరపడి గుర్తు పెట్టేవారు ఎక్కువ. సరైన జవాబు లద్దాఖ్‌లోని హెమిస్. 1981లో ఏర్పడింది, విస్తీర్ణం సుమారు 4,400 చదరపు కిలోమీటర్లు. ప్రసిద్ధ హెమిస్ బౌద్ధారామం మీదుగా ఆ పేరొచ్చింది.

ఇక్కడి అసలు ఆకర్షణ మంచు చిరుత. దాదాపు మీటరు పొడవుండే దాని తోక కొండ అంచుల్లో దూకేటప్పుడు తూకం తప్పకుండా కాపాడుతుంది. పడుకున్నప్పుడు ముఖానికి దుప్పటి అవుతుంది. పులిలా గర్జించడం ఈ చిరుతకు రాదు. నీలి గొర్రెగా పిలిచే భరల్ దీని ప్రధాన ఆహారం. ఐబెక్స్, ఉరియల్ కూడా ఇక్కడ తిరుగుతాయి.

2024 జనవరిలో వెలువడిన తొలి జాతీయ లెక్కింపు ప్రకారం దేశంలో మంచు చిరుతలు 718. వాటిలో 477 లద్దాఖ్‌లోనే! అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో మంచు చిరుత స్థాయి 2017 నుంచి 'వల్నరబుల్' (ముప్పు పొంచి ఉన్నది). అక్టోబరు 23 అంతర్జాతీయ మంచు చిరుత దినోత్సవం.

మంచు చిరుతను చూడాలంటే చలికాలమే అదను. భరల్ మందలు కిందికి దిగుతాయి, వాటి వెంటే చిరుతలూ వస్తాయి. పార్కుకు వెళ్లేవారికి, సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో దిగాక ఒకటి రెండు రోజులు విశ్రాంతి తప్పనిసరి, లేకుంటే తలనొప్పి, వాంతులు పట్టుకోవచ్చు.

పార్కులోని రుంబాక్ గ్రామస్థులను మెచ్చుకోవాలి. మేకలు, గొర్రెల కొట్టాల్లో చిరుత పడి మందను చంపితే ఒకప్పుడు పగతో దాన్ని మట్టుబెట్టేవారు. ఇప్పుడు కొట్టాల పైకప్పులకు ఇనుప వల బిగించి, పర్యాటకులకు తమ ఇళ్లలోనే బస ఇస్తూ ఆదాయం పొందుతున్నారు.