పోటీ పరీక్షల ప్రత్యేకం: కెర్మెస్ ఓక్

ఓక్ అనగానే మహావృక్షమే గుర్తొస్తుంది. కెర్మెస్ ఓక్ మాత్రం చాలాచోట్ల మనిషి ఎత్తు కూడా దాటని పొద. శాస్త్రీయ నామం క్వెర్కస్ కాక్సిఫెరా, కుటుంబం ఫేగేసీ. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరిది. మధ్యధరా తీరంలోని సున్నపురాతి గుట్టలు దీని నెలవు. అక్కడి పొట్టి పొదల భూమిని ‘గారీగ్’ అంటారు. దీన్ని కాలిఫోర్నియాలోని ‘చాపరాల్’తో కలిపేసుకుని మార్కులు పోగొట్టుకోవద్దు.

ఆకు పట్టుకుంటే గట్టిగా, తోలులా తగులుతుంది. అంచున ముళ్లు గుచ్చుకుంటాయి. ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. కార్చిచ్చులో కాలిపోయినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కాయ పండేది రెండో ఏడు.

అసలు కథ రంగుది. ఈ పొద కొమ్మలకు బఠానీ గింజల్లా అతుక్కుని కనిపించేవి కాయలు కావు, కెర్మెస్ అనే పొలుసు పురుగులు. ఆడ పురుగులను ఎండబెట్టి ఎర్రరంగు తీసేవారు. ప్రాచీన రోమన్లకూ ఇది తెలుసు. ‘కెర్మెస్’, ‘క్రిమ్సన్’ మాటలు మన ‘క్రిమి’కి చుట్టాలే! భాషా చరిత్రలో నాకు బాగా నచ్చిన మలుపు ఇది.

16వ శతాబ్దంలో మెక్సికో నుంచి స్పెయిన్‌వారు కాచినీల్ అనే మరో పురుగు ఎర్రరంగును తేవడంతో కెర్మెస్ వెనకబడింది. తికమక పడేది ఇక్కడే: కెర్మెస్ పురుగు ఓక్ మీద, కాచినీల్ నాగజెముడు మీద, మన లక్క పురుగు మోదుగ, రేగు, కుసుమ చెట్ల మీద బతుకుతాయి.